పెళ్లి జాకెట్ల షాపులో నేర్చిన టైమ్ లెక్కలు: ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల కోసం

శుభలేఖలో ముహూర్తం ఉదయం 9.12కి అని వేశారంటే, ఆ జాకెట్టు 9.13కి ఎవరికీ పనికిరాదు. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, అంటే దృష్టినీ టైమ్‌నీ అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యే మెదడు తీరు. నేను చేసేది పెళ్లి జాకెట్లు కుట్టే పని. ఈ రెండూ కలిపి చెబితే విన్నవాళ్లు నవ్వుతారు. నన్నడిగితే మాత్రం నాకు ఇంతకంటే సరిపడే పని ఇంకోటి లేదు. ఆఫీసుల్లో వేసే తేదీలను బతిమాలి జరుపుకోవచ్చు, పంతులుగారు పెట్టిన ముహూర్తాన్ని ఎవరూ జరపలేరు. నా బుర్ర నమ్మేది అలాంటి గడువునే.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా ఇంటి ముందు గదే నా షాపు. రెండు మిషన్లు, నాతోపాటు కుట్టే ఒక అమ్మాయి, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. ఇక్కడ రాసేవన్నీ ఆ గదిలో పనికొచ్చి నిలబడినవే. మీది బ్యాంకు ఉద్యోగం కావచ్చు, అల్లూరు వైపు రొయ్యల చెరువు కావచ్చు, డిగ్రీ చదువు కావచ్చు. కొలతలు మార్చుకుని వాడుకోండి.

ముందు డాక్టరు సంగతి, క్లుప్తంగా

ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా అంటుకునేది కాదు. మానసిక సమస్యలు గుర్తించడానికి డాక్టర్లు పాటించే డీఎస్ఎమ్-5 అనే పుస్తకం ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకే సైకియాట్రిస్టు మీ చిన్నప్పటి సంగతులు తవ్వి తవ్వి అడుగుతారు. అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి, పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే అవీ పట్టుకెళ్లండి. మా అమ్మ అయితే డాక్టరుగారు నోరు తెరవకముందే "ఈ పాప పలక మర్చిపోకుండా ఇంటికొచ్చిన రోజు లేదు సార్" అని మొదలుపెట్టింది. థైరాయిడ్ తేడా, నిద్ర చాలకపోవడం, డిప్రెషన్, ఊరికే టెన్షన్ పడే జబ్బు కూడా పైకి ఇట్టాగే కనిపించగలవు. కాబట్టి రీల్స్ చూసి మీకు మీరే తేల్చుకోకండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ లైను, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మందుల్లో మన దగ్గర ఎక్కువగా వినిపించేవి మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్. మొదటిదాని మీద ప్రభుత్వ నియంత్రణ గట్టిగా ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, ప్రతి మెడికల్ షాపులోనూ ఉండదు. రెండోది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏది, ఎంత అన్నది మీ డాక్టరు తేల్చాలి. మందు వేసుకున్నాక నేను ఒకచోట కూర్చోగలుగుతున్నా. ఏ పని ముందు కూర్చోవాలో మాత్రం మందు చెప్పదు.

అమెరికాలో రస్సెల్ బార్క్‌లే అనే సైకాలజిస్టు ఏడీహెచ్‌డీ మీదే దశాబ్దాలు పనిచేశారు. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టింది ఇది: మనకి ఏం చేయాలో తెలుసు, దాన్ని చేయాల్సిన క్షణంలో చేయడం దగ్గరే దెబ్బతింటుంది. కాబట్టి సాయం కూడా ఆ చోటనే, ఆ క్షణంలోనే ఉండాలి. డైరీలో రాసి బీరువాలో పెట్టిన ప్లాను మన బోటి వాళ్లకి లేనట్టే లెక్క. నా పద్ధతులన్నీ దీని మీదే నడుస్తాయి: టైమ్‌ని తలలో మోయకూడదు, కంటికి ఎదురుగా గోడ మీదో, చేతిలో చీటీ మీదో, వీలైతే ఇంకో మనిషి నోట్లోనో పెట్టాలి.

కొలిచి చూడకుండా ప్లాను వేయకండి

"లైనింగ్ జాకెట్టు ఎంతసేపు అక్కా?" అని అడిగితే నా నోటికొచ్చే మాట గంటన్నర. ఒకసారి ఆ జాకెట్టు చీటీ మీదే ఒక్కో పనికి గడియారం చూసి రాసుకుంటూ వచ్చా. కటింగు 25 నిమిషాలు. మిషను మీద కుట్టు గంటా పావు. హుక్కులు, కాజాలు, చేత్తో హెమ్మింగు 40 నిమిషాలు. ఇస్త్రీ 10. ఇవి కాక మ్యాచింగ్ దారం వెతకడం, బాబిన్‌కి దారం చుట్టుకోవడం, సుద్ద ఎక్కడ పెట్టానో చూసుకోవడం, ఆది జాకెట్టు ఏ సంచిలో ఉందో తీయడం, అన్నీ కలిపి ఇంకో 20. కూడితే దగ్గర దగ్గర మూడు గంటలు. నేను చెప్పే గంటన్నరలో ఉన్నది కటింగు, మిషను కుట్టు మాత్రమే. నాకు ఇష్టమైన పనులకే నా లెక్కలో టైమ్ ఉంది, విసుగు పుట్టించేవాటికి సున్నా వేసుకున్నా.

పనికి పట్టే టైమ్‌ని తక్కువ అంచనా వేయడం మనుషులందరికీ ఉన్న జబ్బే. కానమన్, ట్వర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లోనే దాని గురించి రాశారు. మనకి అది ఇంకాస్త ముదిరి ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. తరచుగా చేసే పనులు నాలుగో ఐదో ఎంచుకోండి. స్నానం చేసి తయారవడం, వంట, ఆఫీసులో ఒక రిపోర్టు, స్కూటీ మీద బజారుకి పోయి రావడం, ఏదైనా సరే. ఆ పని జరిగే చోటనే ఒక కాగితం అంటించండి, పెన్ను దారం కట్టి వేలాడదీయండి. పెన్ను కట్టకపోతే పెన్ను కోసం వెళ్లి ఇంకేదో పనిలో పడతారు. మొదలుపెట్టే ముందు "అనుకున్నది" రాయండి, అయ్యాక "అయినది" రాయండి. ఒక వారం చాలు. ఈ వారంలో మారాలని ప్రయత్నించకండి, ఊరికే కొలవండి. నాకు తేలింది ఏమిటంటే, నేను అనుకున్నదానికి రెట్టింపు. ఇప్పుడు నోటికి ఏ లెక్క వస్తే దాన్ని రెండుతో గుణించి కస్టమర్‌కి చెబుతా. రెట్టింపు చెప్పడం సిగ్గుగా ఉంటుంది మొదట్లో. పక్క సెంటర్‌లో టైలరు రెండు రోజుల్లో ఇస్తానంటాడు, మనం నాలుగంటాం. ఒకరిద్దరు వెళ్లిపోతారు, పోనివ్వండి.

వెనక నుంచి లెక్క

ఇది నా పనికి ప్రాణం కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. 22వ తేదీ ఆదివారం పొద్దున ముహూర్తం అనుకోండి. మనలాంటివాళ్ల తలలో "22" అని ఒక్కటే అంకె నిలబడుతుంది. అది దూరంగా ఉన్నంతకాలం లేనట్టే, దగ్గరపడగానే నెత్తిన పడ్డట్టే. అందుకే 22 నుంచి వెనక్కి నడవాలి. 21 సాయంత్రానికే పెళ్లికూతురు కల్యాణమండపానికి చేరుతుంది, కాబట్టి సంచి 20 శుక్రవారం వాళ్లింట్లో ఉండాలి. మార్పులు చేయడానికి ఒక రోజు కావాలి, అది 19. అంటే ట్రయల్ 18 బుధవారం సాయంత్రం. ట్రయల్‌కి నిలబడాలంటే 15, 16, 17 కుట్టు. మగ్గం పని నుంచి గుడ్డ 14 శనివారం తిరిగి రావాలి. మగ్గం వాళ్లకి పది రోజులు, అంటే 4వ తేదీ బుధవారం ఇవ్వాలి. ఇచ్చే ముందు గుడ్డ మీద కొలతలు గీయాలి, డిజైన్ ఖాయం చేయాలి. లైనింగ్ కూడా అప్పుడే చిన్నబజారులో మ్యాచింగ్ చూసి తెచ్చి, నీళ్లలో తడిపి ఆరేసి పెట్టుకోవాలి. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి చంకల్లో పట్టేస్తుంది. అంటే 22న పెళ్లి అయితే నా పని నిజంగా మొదలయ్యేది 2వ తేదీ సోమవారం.

ఈ తేదీలన్నీ ఒకే చీటీ మీద కింద నుంచి పైకి రాస్తా. ఆ చీటీని మిషను ఎదురుగా కట్టిన తీగకి బట్టల క్లిప్పుతో తగిలిస్తా. ఏ చీటీలో తేదీ ముందుంటే అది ఎడమ చివర. పొద్దున్నే తల ఎత్తితే ఎడమ చివర ఏముందో అదే ఆ రోజు పని, ఆలోచించాల్సింది లేదు. తీగకి ఉన్నవి పన్నెండు క్లిప్పులు. పన్నెండూ నిండితే కొత్త ఆర్డరు తీసుకోను. క్లిప్పులు ఇంకా కొనడం నాకు నేను పెట్టుకున్న నిషేధం, నాతో కుట్టే అమ్మాయికి కూడా చెప్పి ఉంచా. ఒప్పుకోవడం మనకి క్షణాల మీద పని, "కాదు" అనడానికి నోరు రాదు. తీగ చూపిస్తే ఎదుటివాళ్లకే అర్థమవుతుంది.

చదువుకునే పిల్లలు పరీక్ష తేదీ నుంచి ఇట్టాగే వెనక్కి రావచ్చు. పన్నులు కట్టేవాళ్లు, లోను కాగితాలు పెట్టుకునేవాళ్లు కూడా. మర్చిపోకుండా చీటీలో రాయాల్సింది పూర్తయ్యే తేదీ కంటే ముందు మొదలుపెట్టే తేదీ. దాన్ని ఎర్ర పెన్నుతో రాయండి.

ఇంకో మాట. "నిజం గడువు శుక్రవారం, నేను బుధవారం అనుకుంటా" అని దొంగ గడువులు పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. నా మీద అది పనిచేయలేదు. పెట్టింది నేనే కాబట్టి అది దొంగదని నా బుర్రకి తెలుసు. ఆ బుధవారానికి ఒక మనిషిని తగిలించాలి. పెళ్లికూతురు ట్రయల్‌కి సాయంత్రం ఆరింటికి వాళ్లమ్మతో, మేనత్తతో కలిసి వస్తుందంటే అది దొంగ గడువు ఎట్టా అవుతుంది? మీ రిపోర్టు కోసం పక్క సీటు ఆయన్ని "మంగళవారం మూడింటికి మీకు చూపిస్తా" అని ఒప్పించండి. ఆయన చదవకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చుంటే చాలు.

గోడ గడియారం, టైమరు, ఫోను

గోడ గడియారం ముళ్లున్నదే కొనండి, పని చేసేటప్పుడు కంటికి ఎదురుగా పెట్టండి. అంకెల గడియారం ఇప్పుడెంతయిందో చెబుతుంది, ముళ్ల గడియారంలో ఇంకెంత మిగిలిందో కనిపిస్తుంది. నేను అద్దం మీద చెరిగిపోయే స్కెచ్ పెన్నుతో, అన్నానికి లేవాల్సిన చోట ఒక గీత గీస్తా.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు పెట్టుకుని మొదలుపెట్టాడు. చదువుకునేవాళ్లకి, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి పనికొస్తుంది. కుట్టుకి నాకు నప్పలేదు. చెయ్యి అతుకుతూ చంక దగ్గర మలుపులో ఉండగా టైమరు మోగితే ఆపలేను, ఆపితే మళ్లీ ఆ మలుపు దొరకదు. అందుకని నిమిషాలకి బదులు ముక్క లెక్క పెట్టుకున్నా: ఒక చెయ్యి అయితే లేవాలి, మెడ పైపింగు అయితే నీళ్లు తాగాలి. మొదలుపెట్టడం కుదరనప్పుడు మాత్రం టైమరే దిక్కు. ఐదు నిమిషాలు పెట్టుకుని, "ఐదు నిమిషాలు డాట్లు వేస్తా, తర్వాత ఇష్టమైతే వదిలేస్తా" అనుకుంటా. వదిలేయడం అరుదు.

దీనికి తిరగబడిన తిప్పలు ఒకటుంది. మగ్గం డిజైన్ గీయడం మొదలుపెడితే నాకు ఆకలి, దాహం, పిల్లల స్కూలు బస్సు ఏవీ గుర్తుండవు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి దృష్టి నిలవదని జనం అంటారు గానీ, నచ్చిన పని మీద నుంచి దృష్టిని ఊడబెరకడమూ అంతే కష్టం. అప్పుడు చేతికందే అలారం పనికిరాదు, మోగకముందే నొక్కేస్తాం. నా టైమరు వంటింట్లో స్టవ్ పక్కన ఉంటుంది. ఆపాలంటే లేచి నడవాలి. లేచామంటే సగం పని అయినట్టే.

ఫోను అలారాలకి పేరు పెట్టండి. "4.00" అని ఉంటే ఎందుకు పెట్టామో తెలియదు. "చెప్పులు వేసుకో, బస్సు స్టాపుకి నడువు" అని ఉండాలి. రెండు మూడు వారాలకోసారి రింగు మార్చండి, చెవి అలవాటు పడిపోతుంది. నేనైతే పని గంటల్లో ఫోను అలారం అసలు వాడను. ఆపడానికి ఫోను తీస్తే వాట్సాప్‌లో ఎవరో జాకెట్టు వెనక మెడ ఫొటో పంపి ఉంటారు, అక్కణ్ణుంచి ఇంకో నలభై డిజైన్లు.

హుక్కుల గుట్ట

మన ఇళ్లల్లో తొంభై పాళ్లు అయిపోయి ఆగిన పనులు గుట్టలుగా ఉంటాయి. నా షాపులో ఆ గుట్ట హుక్కులది. జాకెట్టు నిలబడింది, అందంగా ఉంది, బుర్రకి అక్కడితో పని అయిపోయింది. హుక్కులు కుట్టడంలో కొత్త ఏముంది?

సాయంత్రం నాలుగయ్యాక పక్కింటి వదిన మల్లెపూల బుట్ట పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంది. ఆమె పూలు కడుతుంది, నేను ఎదురుగా కూర్చుని హుక్కులు కుడతా. ఆమె నాకు పని చెప్పదు, ఎంతయిందని అడగదు. మనిషి పక్కన కూర్చుని తన పని తాను చేసుకుంటూ ఉంటే మన చెయ్యి కూడా నడుస్తుంది. ఏడీహెచ్‌డీ వాళ్లలో దీనికి బాడీ డబ్లింగ్ అని పేరుంది, వీడియో కాల్ పెట్టుకుని కూడా చేస్తారు. హాస్టల్ పిల్లలు రూమ్మేటుతో చేయొచ్చు. ఒక్కటే షరతు, పక్కన కూర్చునే మనిషి సాధింపు మనిషి కాకూడదు.

పెళ్లిళ్ల సీజన్లో వదిన ఒక్కతే చాలదు. అప్పుడు జాకెట్టుకి ఇంత అని ఇచ్చి హుక్కులూ హెమ్మింగూ బయట వాళ్లకి ఇచ్చేస్తా. లాభం కాస్త తగ్గుతుంది, జాకెట్టు మాత్రం ఇంటి నుంచి బయటపడుతుంది. ఖర్చు పెట్టి వదిలించుకోగల విసుగు పనికి మొహమాటపడకండి.

మూఢం వచ్చినప్పుడు

ముహూర్తాలు లేని రోజులే నాకు అసలు గండం. ఆషాఢం, శుక్ర మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు. టైమ్ బోలెడంత ఉంటుంది, ఒక్క పనీ తెమలదు. ఫాల్ కుట్టి ఇవ్వాల్సిన చీర నెలంతా కుర్చీ మీదే ఉంటుంది. సెలవుల్లో విద్యార్థులకి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి, రిటైరైనవాళ్లకి జరిగేది కూడా ఇదే. తీరిక దొరికితే బాగుపడతామని అందరూ అనుకుంటారు, మనం తీరికలోనే చెదిరిపోతాం.

నేను చేసేది, ఆ రోజులకి బయటి నుంచి గోడలు తెచ్చుకోవడం. జూన్‌లో బడులు తెరిచేముందు యూనిఫారాల పని ఒప్పుకుంటా. డబ్బులు తక్కువ, కానీ బడి తెరిచే తేదీ జరగదు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఇద్దరు అమ్మాయిలకి కుట్టు నేర్పుతా. వాళ్లు వచ్చేసరికి నేను తలదువ్వుకుని, అన్నం తిని, మిషను తుడిచి ఉండాలి. రోజుకి ఇట్టాంటి మేకు ఒక్కటి ఉన్నా మిగతా రోజు దాని చుట్టూ నిలబడుతుంది.

ఇంట్లో నుంచి బయటపడటం

చేరాల్సిన టైమ్ రాసుకోకండి, గడప దాటాల్సిన టైమ్ రాసుకోండి. మా ఇంటి నుంచి చిన్నబజారుకి దారి కొంచెమే. అయితే వాన పడితే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఆటోలు చుట్టూ తిరుగుతాయి. మొహర్రం అప్పుడు రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా వైపు జనం వచ్చిన రోజుల్లో ఊళ్లో దారులే మారిపోతాయి. అందుకని దారికి కూడా రెట్టింపు లెక్కే. ముందే చేరితే చేసుకోవడానికి సంచిలో ఒక చిన్న పని పెట్టుకోండి. ముందు వెళ్లి ఊరికే కూర్చోవడం మనకి నరకం, ఆ భయంతోనే ఆలస్యంగా బయల్దేరతాం.

తాళాలు, కళ్లజోడు, పర్సు, కొలతల పుస్తకం తలుపు పక్కన ఒకే బుట్టలో. చెప్పులు వేసుకున్నాక "ఈ ఒక్క పని చేసి వెళ్దాం" అని వెనక్కి తిరగకూడదు. ఆ ఒక్క పనికే సగం బస్సులు పోతాయి.

ఆలస్యం తప్పనప్పుడు

ఎంత చేసినా కొన్ని జారతాయి. అప్పుడు మనం చేసేది ఫోను ఎత్తకపోవడం. కస్టమర్ వచ్చి గుమ్మంలో నిలబడి "ఏందక్కా, మంగళవారం రమ్మంటివి గదా!" అనేదాకా తెచ్చుకుంటాం. అంతకంటే ఆదివారమే ఫోన్ చేయడం మేలు. ఏం మాట్లాడాలో తీగ పక్కన రాసి పెట్టుకున్నా, చూసి చదివేస్తా: "అమ్మాయ్, మంగళవారానికి కాదు. గురువారం సాయంత్రం ఐదింటికి ఇస్తా. నీకు బుధవారమే ఫంక్షన్ ఉంటే ఇప్పుడే చెప్పు, వేరేవాళ్లది వెనక్కి జరుపుతా." కారణాలు చెప్పొద్దు. కరెంటు పోయింది, జొరం వచ్చింది అని మొదలుపెడితే కొత్త తేదీ చెప్పడం మర్చిపోతాం. చాలామంది "సర్లే అక్కా" అనే అంటారు.

ఇంట్లోవాళ్లతో పని పంపకం కూడా గడువు వచ్చే తీరు చూసి చేసుకోండి. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బీమా ప్రీమియం మా ఆయనకి ఇచ్చేశా. అవి చడీచప్పుడు లేకుండా వచ్చి పోతాయి, నాకు కనిపించవు. పిల్లల స్కూలు డైరీ మాత్రం నాదే. దాన్ని వాళ్లే రాత్రి అన్నాలప్పుడు తెచ్చి, సంతకం పెట్టేదాకా నా కంచం పక్కనే పట్టుకుని నిలబడతారు.